హెడ్డు మార్చాం, సరే. అసలు ఎందుకు పోయింది?

మన ఐసీ ఇంజిన్స్ ల్యాబ్‌లో కిటికీ పక్కన ఒక కట్ సెక్షన్ ఇంజిన్ ఉంటుంది. మెకానికల్ వాళ్లందరూ చూసే ఉంటారు. నీళ్లు పారే దారులకి నీలం రంగు, పిస్టన్లకి ఎరుపు, వాల్వులకి పసుపు. స్విచ్ వేస్తే కింద చిన్న మోటారు తిరిగి పిస్టన్లు పైకీ కిందకీ ఆడతాయి. ఇన్‌స్పెక్షన్ వాళ్లు వస్తున్నారంటే దాన్ని గుడ్డపెట్టి తుడుస్తారు. మూడేళ్ల బీటెక్‌లో నేను లోపల చూసిన ఇంజిన్ అదొక్కటే. ముట్టుకుంటే చేతికి మరక కూడా అంటదు.

మొన్న మార్చిలో మా బాబాయి లారీ హెడ్డు నా చేతులతో దించాను. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి ఎందుకు దించాల్సొచ్చిందన్నదే ఈ వ్యాసం. చివర్లో కాలేజీని ఒకటి అడగబోతున్నాను, అందుకని మెకానికల్ కాని వాళ్లు కూడా ఓపిక పట్టి చదవండి.

మాది మార్టూరు దగ్గర పల్లె. 2022లో జిల్లాలు విడగొట్టాక మేం బాపట్ల జిల్లా. నాన్నకి ఇంకా ప్రకాశం జిల్లానే నోటికొస్తుంది. నాయనమ్మ పుట్టినప్పుడేమో అదే ఊరు గుంటూరు జిల్లా. జిల్లా ఏదైనా పండేది పత్తి, మిరప. ఆ రెండిటినీ మోసి బతికే బండి మా బాబాయిది, 1996 మోడల్ టాటా 1210. మూడో చేతిగా కొన్నాడు. చలికాలమంతా జిన్నింగ్ మిల్లులకి పత్తి, ఫిబ్రవరి నుంచి గుంటూరు యార్డుకో కోల్డ్ స్టోరేజీకో మిర్చి టిక్కీలు. దూరాలు పోడు. 15 ఏళ్లు దాటిన పెద్ద బండ్లకి ఫిట్‌నెస్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 12,500 అయినప్పుడు ఇంట్లో అమ్మేయమని పెద్ద గొడవ. "దీన్నమ్మితే ఇనుము రేటొస్తది, కొత్తది కొంటే వాయిదాలొస్తాయి" అని బాబాయి ఆ మాట అక్కడితో తుంచేశాడు.

ఆ ఇంజిన్ పేరు 697. మొదటి అంకె సిలిండర్ల సంఖ్య, మిగతా రెండూ బోరు కొలత. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్లు. టెల్కో 1954లో డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని లారీలు మొదలుపెట్టింది, 1969లో ఆ ఒప్పందం ముగిసింది. కానీ మా తాత వయసు వాళ్లకి టాటా లారీ అంటే ఇప్పటికీ బెంజి లారీనే. తప్పేం కాదు, 697 కొలతలు బెంజి వాళ్ల ఓఎం 352 కొలతలే. 97 బోరు, 128 స్ట్రోకు. మన ఫార్ములాలో వేసి చూడండి, 5,675 సీసీ వస్తుంది. థర్మల్ ఎగ్జామ్‌లో ఇలాంటి లెక్క నేను రెండు నిమిషాల్లో చేశాను. ఆ లెక్కలోని ఇంజిన్ మా ఇంటి ముందు నిలబడి ఉందని మాత్రం నాకప్పుడు తట్టలేదు.

మార్చి రెండో వారం. మిర్చి లోడుతో పోతుంటే చిలకలూరిపేట దాటాక బండి ఆవిరి కక్కింది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది, చూసి ఆపడానికి ఏమీ లేదు. పైగా యార్డులో వరస తప్పిపోతుందని ఇంకొంత దూరం లాగాడు. అదే కొంప ముంచింది. సైలెన్సర్‌లోంచి తెల్లపొగ, రేడియేటర్‌లో బుడగలు, డిప్ స్టిక్ లాగి చూస్తే ఆయిలు పాలెక్కువైన టీ రంగులో ఉంది. టిక్కీలు వేరే లారీలోకి ఎక్కించి, మా బండిని ఇంటికి ఈడ్పించుకొచ్చారు. నాకు ఫోనొచ్చింది. "ఏరా, నువ్వు చదివేది ఇంజిన్ల చదువే కదా, రా."

ఊళ్లో బండ్లు చూసే మేస్త్రీకి అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. వంగకూడదు, దుమ్ములో తిరగకూడదు. మిగతా మేస్త్రీలకి సీజన్‌లో తీరికెక్కడిది? ఇక నేనే రంగంలోకి దిగాను. యూట్యూబ్ ఉంది, ల్యాబ్ అసిస్టెంట్ అన్నని బతిమాలి తెచ్చుకున్న టార్క్ రెంచి ఉంది, రెండు సెమిస్టర్ల ఐసీ ఇంజిన్ల పొగరుంది.

ఆ మొదటిసారి నేను కొన్ని సరిగ్గానే చేశాను, అవీ చెప్పాలి. పుష్ రాడ్లు ఏ వరసలో తీశానో ఆ వరసలోనే అట్టపెట్టెకి చిల్లులు పొడిచి గుచ్చాను. డీజిలు గొట్టాలు విప్పిన చోటల్లా శుభ్రమైన గుడ్డ కుక్కాను, ఎందుకంటే ఇసక రేణువు ఒక్కటి నాజిల్‌లోకి పోయినా దాని పని అయిపోతుంది. హెడ్డు బోల్టులు చివర్ల నుంచి మధ్యకి కొద్దికొద్దిగా వదులు చేశాను. 697కి ఆరు సిలిండర్లకీ కలిపి ఒకటే హెడ్డు, పోత ఇనుము. మనుషులతో అయ్యేది కాదు, వేపచెట్టు కొమ్మకి చైన్ బ్లాక్ వేలాడదీసి లేపాం. నాయనమ్మ చెట్టు విరుగుతుందని తిడుతూనే ఉంది. హెడ్డు పైకి లేచినప్పుడు ఆరు బోర్లు ఒక్కసారిగా నల్లగా కనపడ్డాయి చూడండి, ఆ క్షణం నాకు బాగా గుర్తు. రెండు సిలిండర్ల మధ్య ప్యాకింగ్ (మనం గాస్కెట్ అంటాం, బయట ఎవరూ అనరు) కాలిపోయి ఉంది. హెడ్డులో ఒకచోట రెండు వాల్వు సీట్ల నడుమ చీలిక. నా ముఖంలో సంతోషం చూసి బాబాయికి ఒళ్లు మండింది. జబ్బు దొరికిందని నా సంతోషం. దానికయ్యే ఖర్చు ఆయనది.

గుంటూరు ఆటోనగర్ వెళ్లి ఒక సెకండ్ హ్యాండ్ హెడ్డు తెచ్చాం. కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టులు మధ్య నుంచి బయటకి మూడు విడతల్లో బిగించాను. ప్రతి బోల్టుకీ టార్క్ రెంచి టక్కున పలికింది. బండి స్టార్టయింది. వీధిలో వాళ్లొచ్చి చూశారు. వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టుకున్నాను, మీలో కొందరు లైకులు కొట్టారు.

మూడో రోజు మళ్లీ ఆవిరి.

ఈసారి మేస్త్రీ వచ్చాడు. నల్లద్దాలు పెట్టుకుని, వేపచెట్టు కింద నులక మంచం వేయించుకుని కూర్చున్నాడు. చేతులు నావి, మాటలు ఆయనవి. అడిగిన మొదటి ప్రశ్న: "హెడ్డు ఎందుకు పోయిందిరా?"

"పగిలింది."

"పగిలింది నాకూ తెలుసు. ఎందుకు పగిలింది?"

నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నాకు రానే లేదు. పాడైన పార్టు దొరికింది, మార్చేశాను, అయిపోయిందనుకున్నాను. ఇంజనీరింగ్ చదివేవాడు వేయాల్సిన ప్రశ్న ఏడో తరగతితో బడి మానేసిన మనిషి వేశాడు.

రేడియేటర్ విప్పి ఎండలో పెట్టమన్నాడు. ముందు వైపు నుంచి చూస్తే బాగానే ఉంది. వెనక్కి తిప్పి ఎండకేసి చూస్తే సగం మేర వెలుతురే రావడం లేదు. రెక్కల సందుల్లో పత్తి పీచు, దానిమీద మిర్చి దుమ్ము, ఆయిలు తడి, అన్నీ కలిసి కంబళిలా అతుక్కుపోయాయి. చలికాలమంతా మిల్లుల్లో తిరిగిన బండికి ఫ్యాను గాలితోపాటు పీచునీ లాక్కుంటుంది. జనవరిలో చలికి అది బయటపడదు. మార్చి ఎండలో, నిండా లోడుతో, బయటపడి తీరుతుంది.

అది పైన. లోపల ఇంకా ఘోరం. మా వైపు బోరు నీళ్లు ఎలా ఉంటాయో తెలుసుగా, బిందెకి నెలలో తెల్లటి గార కడుతుంది. ఆ నీళ్లే ఏళ్ల తరబడి రేడియేటర్‌లో పోశారు. పాత హెడ్డు నీటి దారిలో మేస్త్రీ స్క్రూ డ్రైవర్‌తో గీకి చూపిస్తే బిళ్లలు బిళ్లలుగా ఊడింది. ఇక్కడ నాకు హీట్ ట్రాన్స్‌ఫర్ గుర్తొచ్చింది. పోత ఇనుముతో పోలిస్తే ఈ సున్నపు గార వేడిని పోనిచ్చేది ఇరవయ్యో వంతు కూడా ఉండదు. రెండు మిల్లీమీటర్ల గార అంటే ఇనుము గోడని నాలుగు సెంటీమీటర్లు మందం చేసినట్టు. చీలిక వచ్చింది రెండు వాల్వుల మధ్య సన్నటి చోటే కదా, ఎక్కువ కాలేదీ నీళ్ల చల్లదనం ఎక్కువ కావాల్సిందీ ఆ చోటికే. రేడియేటర్ మూత పోతే గుడ్డ చుట్టి బిగించారు, అది మూడోది. మూత పట్టి ఉంచే ప్రెషర్ వల్లే నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరక్కుండా ఉంటాయి. ఆ ప్రెషర్ లేకపోతే వంద దగ్గరే తెర్లుతాయి, మరిగి ఆవిరైన చోట ఇనుముకి నీళ్లు తగలవు.

అంటే నేను కొత్త హెడ్డుని తీసుకెళ్లి పాత నిప్పులోనే పెట్టాను.

నా సొంత తప్పు ఇంకోటుంది, అది చెప్పకుండా దాటేస్తే బాగుండదు. రెండోసారి బోల్టు విప్పి ఇస్తే మేస్త్రీ దాన్ని వేలితో తడిమాడు. "తడిగా ఉందేందిరా?" హెడ్డు లేపినప్పుడు నీళ్లు బ్లాక్‌లో బోల్టు రంధ్రాల్లోకి దిగాయి. అడుగు మూసుకున్న రంధ్రాలవి. నేను వాటిని గాలి కొట్టి ఆరబెట్టలేదు. బోల్టు దిగుతూ అడుగున నీళ్లని నొక్కింది, నీళ్లు నొక్కుకోవు, రెంచి టక్కుమంది. బిగుసుకుందని నేననుకున్నాను. అసలు హెడ్డుని నొక్కాల్సిన బలం నీళ్ల మీద పడింది. బ్లాక్ పగలకపోవడం మా అదృష్టం అన్నాడు.

డిజైన్ సబ్జెక్టులో మనమంతా రాసిన ఫార్ములానే ఇది. టార్క్ ఈక్వల్స్ కే ఇంటూ డీ ఇంటూ ఎఫ్. కే విలువ 0.2 అని పెట్టి మార్కులు తెచ్చుకున్నాం. ఆ 0.2 ఎక్కడిదని ఒక్కడూ అడగలేదు. మనం తిప్పే టార్క్‌లో తొంభై శాతం దాకా తల కిందా మరల్లోనూ రాపిడికే పోతుంది, బోల్టుని లాగి హెడ్డుని అదిమేది మిగిలిన పది శాతమే. మరలో కాస్త తుప్పో, గసో ఉంటే ఆ పదీ ఐదవుతుంది. రెంచి మాత్రం అదే టక్కు అంటుంది. కొలిచే పరికరం అబద్ధం చెప్పలేదు, నేనేం కొలుస్తున్నానో నాకు తెలియలేదు.

తర్వాతి నాలుగు రోజులు నా బీటెక్‌లో అన్నిటికన్నా బాగా చదువుకున్న రోజులు. సెకండ్ హ్యాండ్ హెడ్డు మీద ముందు కిరసనాయిలు పూయించాడు, పొడిగా తుడిపించి సుద్దపొడి చల్లమన్నాడు. చీలికుంటే లోపల దాక్కున్న కిరసనాయిలు బయటికొచ్చి సుద్ద మీద గీతలా కనపడుతుంది. ఇది మన సిలబస్‌లో డై పెనెట్రెంట్ టెస్ట్, పేరొకటే ఖరీదు. గీత రాలేదు. తర్వాత స్టీలు స్కేలుని హెడ్డు ముఖం మీద నిలబెట్టి వెనక నుంచి టార్చి వేయమన్నాడు. మధ్యలో సన్నటి వెలుగు. వంపు. మొదటిసారి ఇది కూడా నేను చూడలేదు. లేత్ దగ్గర ఫేసింగ్ చేయించాం. "ఊరికే గీకించి తెచ్చేయమాక, గీకిన మేర వాల్వులు కిందికొస్తాయి, సీట్లు లోతు చేయించు, నాజిల్ ముక్కు ఎంత బయటికొచ్చిందో చూడు" అని ఫోన్‌లో మూడుసార్లు చెప్పాడు.

టాపెట్లు పెట్టడం నాకు అన్నిటికన్నా నచ్చింది. నేను మాన్యువల్ వెతుకుతుంటే మేస్త్రీ నవ్వాడు. "ఆరోదాని వాల్వులు రెండూ ఊగుతుంటే ఒకటోది పట్టు. రెండోది ఊగితే అయిదు. మూడోది ఊగితే నాలుగు. రెండూ కలిపితే ఏడు రావాల, అంతే." కాగితం మీద వేసి చూశాను. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. ఒకటీ ఆరూ, అయిదూ రెండూ, మూడూ నాలుగూ జంటగా పైకొస్తాయి. ఒకదానిలో ఎగ్జాస్టు మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకుంటుంటే, జంటలో రెండూ మూసుకుని ఉంటాయి. ఏడు రాక ఏమవుతుంది! మేస్త్రీకి వాల్వ్ ఓవర్‌లాప్ అన్న మాట తెలియదు. నాకు ఆ మాట మాత్రమే తెలుసు. వాళ్లు గొప్ప, మనం దండగ అని ఏడవడం నా ఉద్దేశం కాదు. గార ఎంత మందానికి ఎంత వేడి ఆగుతుందో నేను లెక్కేసి చెబితే ఆయన మళ్లీ చెప్పించుకున్నాడు. పత్తి సీజన్ ముందొకసారి తర్వాతొకసారి రేడియేటర్ కడిగించాలని ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాడట, ఎవరూ వినరట. "నువ్వు చెప్పిన లెక్క మా ఓనర్లకి చెప్పరా" అన్నాడు. రెండు సగాలు ఆ వేపచెట్టు కింద కలిశాయి, మన కాలేజీలో ఎప్పుడూ కలవవు.

రెండోసారి బిగించి, వేడెక్కించి, చల్లారాక మళ్లీ ఒకసారి బోల్టులన్నీ చూసుకుని, రేడియేటర్ కడిగించి, కొత్త మూత వేసి, మంచినీళ్ల ప్లాంటు నీళ్లలో కూలెంట్ కలిపి పోశాం. టెంపరేచర్ ముల్లు కూడా బతికించాం. బండి తిరుగుతోంది.

ఇప్పుడు నా అభిప్రాయం. కొత్తగా నేర్చుకునేవాడు లారీ హెడ్డు దించొచ్చా అంటే, దించొచ్చు. దించాలి కూడా. కానీ మిర్చి సీజన్‌లో, ఇంకొకరి అన్నం గిన్నె మీద కాదు. నా మొదటి ప్రయత్నానికి బాబాయికి రెండో ప్యాకింగ్ ఖర్చు, వారం పైన కిరాయిలు పోయాయి. ఆయన ఒక్క మాట అనలేదు. పిన్ని అంది, "నీ చదువుకి ఫీజు మేం కూడా కట్టాంరా" అని. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

తప్పు చేయడానికి చోటు కావాలి, ఆ చోటు పేరు కాలేజీ అని నేననుకుంటాను. మరి మనం ఏం చేస్తున్నాం? నా సమ్మర్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో వచ్చింది, దానికోసం నేను చూసినవి మూడు వీడియోలు. ఫైనలియర్ ప్రాజెక్టులు ఏ ఊళ్లో ఏ రేటుకి దొరుకుతాయో మనందరికీ తెలుసు. వేపచెట్టు కింద చేసిన పనికి మాత్రం ఏ క్రెడిట్లూ రావు, అడిగి చూశాను.

ఒక సార్ నాతో అన్నారు: "మీరు డిజైన్ చేయాల్సినవాళ్లు, స్పానర్ పట్టాల్సినవాళ్లు కాదు. అయినా బీఎస్ సిక్స్ వచ్చింది, ఎలక్ట్రిక్ వస్తోంది, ఈ పాత ఇంజిన్ నేర్చుకుని ఏం చేస్తావ్?" సార్ మీద గౌరవంతోనే చెప్తున్నాను. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బండ్లలో సెన్సార్లున్నాయి, నిజమే. వాటిలోనూ నీళ్లు తిరుగుతాయి, వాటి ముందూ రేడియేటర్ ఉంటుంది, ఎలక్ట్రిక్ బండి బ్యాటరీని కూడా చల్లబరచాల్సిందే. పత్తి పీచుకి బీఎస్ సిక్సో ఫోరో తెలియదు. ఈ నేలమీద తిరిగే బండికి రేడియేటర్ ముందు విప్పి కడుక్కునే జల్లెడ ఒకటి డిజైన్ చేయాలని నాకు తట్టింది రెక్కల్లోంచి పీచు పీకుతున్నప్పుడే, క్లాసులో కాదు. పాత ఇంజిన్‌లో ఇంకో సుగుణం, ఏం జరిగిందో కళ్లకి కనపడుతుంది. నేర్చుకోడానికి అంతకంటే ఏం కావాలి?

కాలేజీని నేనడిగేది చిన్నదే. పాత సామాన్ల దగ్గర కిలోల లెక్కన అమ్మే లారీ ఇంజిన్ ఒకటి కొనండి. రంగులేయొద్దు, కోయొద్దు. థర్డ్ ఇయర్‌లో ఆరుగురికో బ్యాచ్ చొప్పున దాన్ని విప్పి, ఎందుకు చచ్చిపోయిందో కనిపెట్టి, మళ్లీ బిగించి స్టార్ట్ చేయాలి. వారానికొక పూట ఒక మేస్త్రీని పిలవండి, గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చేంత ఇవ్వండి, శాలువా కప్పి పంపేయడం కాదు. రికార్డులో ఫలితాలకి బదులు ఒకే ప్రశ్నకి జవాబు రాయించండి: ఎందుకు పోయింది?

మా మేస్త్రీని అడిగాను, వస్తావా అని. "మీ కాలేజీలో నన్ను గేటు దాటనిస్తారా?" అన్నాడు. వాళ్లబ్బాయి మన కాలేజీలోనే సీఎస్ఈ సెకండియర్. పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్లమ్మని పంపిస్తాడు, తను రాడు, గోళ్లలో నలుపు పోదని.

ప్రిన్సిపాల్ గారికి ఇవ్వడానికి అర్జీ రాశాను, తెలుగులోనే. మెకానికల్ బ్లాక్ మెట్ల దగ్గర మధ్యాహ్నం లంచ్ టైంలో నా దగ్గరుంటుంది. ఇప్పటికి ముప్ఫై ఒక్క సంతకాలు, అందులో తొమ్మిది సీఎస్ఈ వాళ్లవి.